పోయిన మనిషి నంబరు

చనిపోయిన మనిషిని సర్వర్‌లోంచి ఎలా తీయాలో నా గైడ్లలో ఎక్కడా లేదు. ‘యూజర్ సంస్థను విడిచి వెళ్ళినప్పుడు’ అని మాత్రం ఉంటుంది. వైజాగ్‌లో మంచి జీతం దొరికి వెళ్ళినా, మేనేజర్‌తో పడక మానేసినా, రావికమతం రోడ్డులో వెనక దీపం లేని చెరుకు ట్రాక్టర్ని బండితో గుద్దుకుని పోయినా ఆ పుస్తకానికి ఒకటే మాట. విడిచి వెళ్ళాడు.

నర్సీపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాది సర్వర్ చూసుకునే ఉద్యోగం. మందుల కౌంటర్, బిల్లింగ్, ల్యాబ్, అన్ని చోట్ల ఉన్న కంప్యూటర్లూ నడిచేది ఆ ఒక్క పెట్టె మీదే. ఒకప్పుడు దుప్పట్లు దాచిన చిన్న గదిలో, కిటికీ మూసేసి, ఏసీ పెట్టి దాన్ని ఉంచారు. ఆ గదిలోకి వెళ్తే పట్టపగలు కూడా ఒళ్ళు చల్లబడుతుంది. లోపల ఎవరో గొణుగుతున్నట్టే ఉంటుంది.

ఆ పెట్టెని నడపడానికి కావలసినదంతా చెప్పే గైడ్లు ఇంటర్నెట్‌లో ఉంటాయి. నాకు తెర మీద చదివితే బుర్రకెక్కదు. అందుకని బస్ కాంప్లెక్స్ దగ్గర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించాను. డిస్కుల సంగతి ఒక దాంట్లో, నెట్‌వర్క్ ఒక దాంట్లో, యూజర్లూ వాళ్ళ హక్కులూ ఒక దాంట్లో. షాపతను కట్టలు మోయలేక మోస్తూ, “ఏటి మేడం ఇన్ని కాయితాలు? ఎవల్మీదన్నా కేసెయ్యాలేటి?” అన్నాడు. ఆసుపత్రిలో వాటికి ‘మేడం గారి పురాణం’ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. సర్వర్ ఆగిన రోజున అందరూ ఆ పురాణం దగ్గరికే పరుగెత్తుకొస్తారు.

కానీ ఆ గైడ్లు చదువుతుంటే నాకు ఒక్కోసారి గుబులుగా ఉంటుంది. ఎంత పెద్ద నష్టమైనా ఆ పుస్తకం గొంతు పెంచదు. బూడిదరంగు గడిలో రెండు లైన్లు: ‘ఈ పని చేశాక వెనక్కి తీసుకోలేరు. కొనసాగండి.’ అంతే. ఎవరితో చెబుతోందో, ఆ మనిషి చేతులు వణుకుతున్నాయో లేదో దానికి పట్టదు.

మందుల కౌంటర్లో పనిచేసే ఆయన పోయినప్పుడు మా దగ్గర వచ్చిన చిక్కు ఇది. మా కంప్యూటర్లు వెలిగించగానే ఉద్యోగుల పేర్లన్నీ తెర మీద వరుసగా కనబడతాయి. ఎవరి పేరు వాళ్ళు నొక్కి పాస్‌వర్డ్ కొట్టుకోవాలి. అందరికంటే చివర చేరింది ఆయన. కాబట్టి ఆయన పేరు చివర. ఆయన పోయిన మర్నాడు గైడ్ చెప్పినట్టే అకౌంట్‌కి తాళం వేశాను. ఎవరూ లోపలికి వెళ్ళలేరు, కానీ పేరు కనబడుతూనే ఉంటుంది.

అదే వాళ్ళకి గిట్టలేదు. హెడ్ నర్సు, వయసులో పెద్దావిడ, అందరం అప్ప అని పిలుస్తాం, పొద్దున్నే నా గదికొచ్చింది.

“ఓలమ్మా, పొద్దున లేసి దేవుడి మొకం సూడాల గానీ సచ్చిపోయినోడి పేరు సూడాలేటమ్మా? పెద్దకర్మ అయిపోనాది. ఇంకా ఆ పేరక్కడుంటే ఆయనకీ మంచిది కాదు, మనకీ మంచిది కాదు. తీసీయ్.”

తాళం వేశానని, తీసేయకూడదని గైడ్‌లో స్పష్టంగా ఉందని చెప్పాను. అప్ప మేనేజర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన నన్ను పిలిపించాడు.

“తీసీండి మేడం. స్టాఫ్ భయపడతన్నారు.”

“తీసేస్తే ఆయన చేసిన ఫైళ్ళన్నీ దిక్కులేకుండా పోతాయండి. గైడ్‌లో వద్దని రాశారు.”

“గైడ్ రాసినోళ్ళ ఇళ్ళల్లో సావులుండవేటండి? వాళ్ళకి మైల నేదు, మనకుంది. బేగి తీసీండి.”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా జీతమిచ్చే మనిషితో ఎంతసేపని వాదిస్తాను? విసురుగా వెళ్ళి అకౌంట్ తీసేశాను. తెర మీద పేరు పోయింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

లోపల మాత్రం పోలేదు. సర్వర్‌కి మన పేర్లతో పనిలేదు. చేరిన ప్రతి మనిషికీ అది ఒక నంబరు ఇచ్చుకుంటుంది. ప్రతి ఫైల్ మీదా ఆ నంబరే వేసుకుంటుంది. మనకి చూపించేటప్పుడు మాత్రం ఆ నంబరు ఎవరిదో వెతికి పేరు వేస్తుంది. ఆ రోజు నేను మందుల ఫోల్డర్ తెరిచి చూస్తే, పైనుంచి కిందదాకా ఆయన పేరుండే చోటల్లా ఉత్త అంకెలున్నాయి. పేరు తుడిచేసిన సమాధిరాళ్ళు వరుసగా చూసినట్టైంది. నాకు నచ్చలేదు. మూసేసి ఇంటికి వెళ్ళిపోయాను.

అది పంట కోతల ముందు. తర్వాత కొన్నాళ్ళకి ఆయన భార్యని అదే కౌంటర్లో పెట్టుకున్నారు. గొలుగొండ నుంచి ఆటోలో వచ్చేది. డిగ్రీ మధ్యలో ఆపేసిన పిల్ల. చంకలోది ఇంకా మాటలు రాని కూతురు, దాన్ని అమ్మ దగ్గర వదిలి వస్తుంది. అత్తారింట్లో ఆ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదని మా అందరికీ తెలుసు. మేనేజర్ కూడా మంచి మనసుతోనే పెట్టుకున్నాడు, అది అబద్ధం కాదు.

ఆమెకి కొత్త అకౌంట్ చేసింది నేనే. ఆ తర్వాతి వారంలో ఒకటో తారీకు వచ్చింది. పొద్దున్న కౌంటర్ తెరిచారో లేదో, ఎవరూ ముట్టుకోకుండా ప్రింటర్ లేచి కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. మందుల స్టాకు రిపోర్టు. ఆయన బతికున్నప్పుడు నెలనెలా తీసేదే. ఆయన పోయాక ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు వచ్చింది. కింద ‘తయారు చేసినవారు’ అన్నచోట ఆమె పేరు.

“నానేటీ ముట్టుకోనేదండీ! ఒట్టు, నాకసలు రిపోర్టు తియ్యడమే రాదు!” అంది ఆమె. మొహం పాలిపోయింది.

పక్కన కూర్చునే అమ్మాయిలిద్దరూ మందుల ఫోల్డర్ తెరిచారు. అందులో పాత ఫైళ్ళన్నీ ఆమె పేరు మీదున్నాయి. ఆమెకి పెళ్ళికాక ముందు తారీకులవి, ఆమె ఈ ఆసుపత్రి గుమ్మం తొక్కని రోజులవి. మందుల పేర్లు ఆయన రాసుకునే పద్ధతిలోనే, ఆయన పెట్టుకునే పొట్టి అక్షరాలతోనే. ఎవరి పేరని చూస్తే ఆమె పేరు. నేను నిజం చెబుతున్నాను, సర్వర్ ఎలా నడుస్తుందో తెలిసిన నాకే భయమేసింది.

“ఆడు ఎల్నేదమ్మా,” అంది అప్ప, గొంతు బాగా తగ్గించి. “పేరు తీసీసినాం కదా, ఉండడానికి సోటు నేక ఈ పిల్లలోకి వొచ్చీసినాడు.”

మధ్యాహ్నానికి ఆసుపత్రి అంతా పాకిపోయింది. అమ్మాయిలు కుర్చీలు వేరే పక్కకి లాక్కున్నారు. ఆమె ఇచ్చిన టీ ఎవరూ తాగలేదు. ఆమె నడిచొస్తుంటే వరండాలో మాటలు ఆగిపోయేవి. రెండు రోజులకి నాక్కూడా ఒక పిచ్చి అలవాటు పట్టుకుంది. కౌంటర్ వైపు వెళ్ళినప్పుడల్లా ఆమె చేతులకేసి చూసేదాన్ని, ఆయన లాగా కొడుతోందేమోనని. సిగ్గుగానే ఉండేది, అయినా చూసేదాన్ని.

గైడ్ తీశాను. యూజర్ల భాగంలో, తొలగింపు దగ్గర, బూడిదరంగు గడి. ‘తొలగించిన యూజర్ నంబరు తర్వాత చేరే యూజర్‌కి దక్కవచ్చు. అప్పుడు పాత యూజర్ ఫైళ్ళన్నీ కొత్త యూజర్‌వి అవుతాయి.’ చివరి నంబరు ఆయనది. అది ఖాళీ అయింది. ఆ తర్వాత చేరిన మొదటి మనిషి ఆమె. ఆయన రాబోయే నెలల రిపోర్టులకి ముందే ఆదేశాలు పెట్టి ఉంచాడు, మర్చిపోతానని కాబోలు. మధ్యలో ఆ నంబరుకి మనిషి లేడు కాబట్టి అవి నడవలేదు. ఆమె రాగానే లేచి నడిచాయి. అంతే సంగతి. పుస్తకంలో రెండు లైన్లు. కానీ వాటిని ఎన్నిసార్లు చదివినా నా భయం తగ్గలేదు, ఎందుకంటే అప్ప చెప్పిందీ ఇంచుమించు ఇదే.

మేనేజర్ పిలిచాడు. “మేడం, నాకు ఆస్పత్రి నడవాల. ఈ పిల్లని రేపట్నించి రావొద్దని సెప్పీడమే దారి.”

నాకు మండింది. “మీరు తీయమంటేనే కదండీ తీసింది! ఆ పిల్ల చేసిన తప్పేంటి?” అని నంబరు సంగతంతా విడమరిచి చెప్పాను. ఆయన విన్నాడు. నమ్మాడనే అనుకుంటాను.

“నాకు సెప్తే సరిపోదు. రేపు పొద్దున ఓపీ మొదలవ్వకముందు అందరి ముందూ తీసి సూపించండి. ఆయనవన్నీ ఆవిడ పేరు మీంచి పోవాల. పోతే ఉంటాది, నేకపోతే ఎల్తాది.”

అది సులువే. ఆమె చేరిన రోజుకి ముందున్న ఫైళ్ళన్నిటినీ ఆసుపత్రి పేరు మీదకి మార్చాలి, ముందే పెట్టిన ఆదేశాలు రద్దు చేయాలి. గైడ్‌లో ఒక్క లైను ఆదేశం. ఉద్యోగం నిలబడుతుందని సంతోషంగా ఆమెకి చెప్పాను.

“మార్సీసినాక అవి ఎవలివండి?”

“ఆసుపత్రివమ్మా.”

“నా పేరు మీదుంటే తప్పేటండి?” అంది నెమ్మదిగా. “రేషన్ కార్డులోంచి కొట్టీసినారు. ఓట్ల లిస్టులోంచి తీసీసినారు. ఆయన ఫోన్ ఆ రోడ్డు మీదే పచ్చడైపోనాది. ఇంటికాడ ఆయన బట్టలన్నీ ఇచ్చీసినారు మా అత్తోరు. ఎక్కడ సూసినా ఆయనొక పక్క, నానొక పక్క. ఇక్కడొక్క సోటే ఇద్దరం ఒకే కాడ ఉన్నామండి. ఈలందరూ భయపడతన్నారు గానీ, నాకు భయం నేదండి. పొద్దున్నే తెరిసి అయ్యే సూసుకుంతన్నాను.”

అలాగే ఉంచితే ఉద్యోగం పోతుందని ఆమెకి నేను చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. కళ్ళు తుడుచుకుని, “పాపకి పాలు కొనాల కదండి,” అంది. “మార్సీండి.”

మర్నాడు పొద్దున మందుల కౌంటర్ చుట్టూ అందరూ చేరారు. నేను ఆదేశం కొట్టి, చివరి మీట నొక్కబోతుంటే అప్ప ఆపింది.

“ఆగమ్మా. నువ్వు నొక్కితే కాదు. ఆ పిల్ల సేత్తోనే పంపాల. అలగైతేనే ఎల్తాడు.”

“ఇదేమన్నా గోదావరి గట్టనుకున్నారా? కంప్యూటరండీ ఇది!” అని అరిచాను. మేనేజర్ తల దించుకుని, “నొక్కనీండి మేడం, పోయిందేముంది,” అన్నాడు. నాకు ఆ క్షణంలో వాళ్ళందరి మీదా అసహ్యం వేసింది. ఆమే ముందుకొచ్చింది. చెప్పులు పక్కన విడిచింది, ఎందుకో. కుర్చీలో కూర్చుని, తెరలో ఆయన ఫైళ్ళకేసి ఒకసారి చూసుకుని, మీట నొక్కింది.

పేర్లు మారిపోయాయి. పైనుంచి కిందదాకా ఆసుపత్రి పేరే. అప్ప దణ్ణం పెట్టింది. అమ్మాయిలొచ్చి ఆమె భుజం తట్టారు, ఒకమ్మాయి అప్పుడే టీ తెస్తానంది. మేనేజర్, “ఇంకేటీ అనుమానం నేదు కదా, పనులు సూసుకోండి,” అన్నాడు. ఉద్యోగం నిలబడింది.

అందరూ వెళ్ళాక ఆమె నన్ను అడిగింది, “ఆ నంబరు మీద ఇంకేటైనా మిగిల్నాదేమో సూత్తారా మేడం?”

చూశాను. సర్వర్ అంతా వెతికించాను. ఒక్కటే వచ్చింది. చేరిన రోజున టైపింగ్ నేర్చుకుంటూ ఆమె తన పేరు కొట్టి దాచుకున్న చిన్న ఫైలు.

“ఇదొక్కటే ఉందమ్మా. నీదే.”

“నాదేనా?” అంది. తెరకేసి కళ్ళార్పకుండా చూసింది. “నానొక్కదాన్నేనా?”

ఆయన పోయాక ఆమె ఏడవలేదని, రాయిలా ఉందని ఊళ్ళో అనుకున్నారట. ఆ కౌంటర్ మీద తల పెట్టి, అప్పుడు ఏడ్చింది. బయట చింతపల్లి వైపు నుంచి వచ్చిన వాళ్ళెవరో మందుల చీటీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు, కొత్తమ్మాయి ఎప్పుడు తలెత్తుతుందా అని.