మీ ఆయన్ని పంపు చెల్లె

ఎల్బీనగర్‌లో మా కాలనీ మొదట్లో నేను మెడికల్ షాపు పెట్టి ఇరవయ్యేళ్ళు దాటింది. మాది నల్గొండ వైపు. సొంత షాపు పెట్టకముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకాయన దగ్గర ఆరేళ్ళు పనిచేశాను. నా నోరు మంచిది కాదని కాలనీలో అందరికీ తెలుసు. చీటీ లేకుండా నిద్రమాత్రలు అడిగితే తిడతాను. ఐదు రోజుల మందు రెండు రోజులకే ఆపేసి వచ్చినవాళ్ళను ఇంకా గట్టిగా తిడతాను. అయినా జనం నా దగ్గరికే వస్తారు. 'తిట్టినా మంచికే తిడతడు' అంటారు. ఆ మాట విని విని నాకు తలకెక్కింది.

అబార్షన్ మాత్రలకు నాదొక సొంత రూలుండేది. డాక్టరు చీటీ ఉండాల్సిందే, అది చట్టం. ఆపైన ఆడమనిషి ఒక్కతే వస్తే 'మీ ఆయన్ని పంపు చెల్లె' అనేవాణ్ణి. ఇది ఏ చట్టంలోనూ లేదు. మేజరైన ఆడమనిషి ఒప్పుకుంటే చాలు, మొగుడి సంతకంతో పనిలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే అడిగేవాణ్ణి. రేపు మొగుడొచ్చి షాపు ముందు గొడవ చేస్తే ఎవరు పడాలి అని పైకి చెప్పుకునేవాణ్ణి. లోపల ఉన్నది వేరు. కడుపులోది ఇద్దరిదీ కదా, ఆమె ఒక్కతే ఎట్లా తేలుస్తుంది అని ఉండేది. అబార్షన్ తప్పు అనే మనిషిని కాను. కాకపోతే ఆ చివరి మాట మగవాడి నోట వినాలి నాకు. వింటే మనసు నిమ్మళంగా ఉండేది.

షాపుకు ఎదురు సందులో మొదటి ఇల్లు, కింది వాటాలో కిరాయికి ఒక దర్జీ ఆమె ఉంటుంది. ఇద్దరు పిల్లలు. భర్త లారీ నడుపుతాడు. నాగపూర్ నుంచి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు సంత్రాలు తెస్తాడు. మా ఆవిడ జాకెట్లన్నీ ఆమే కుడుతుంది. పొద్దున నేను షట్టర్ లేపే వేళకే ఆమె మిషన్ చప్పుడు మొదలయ్యేది.

ఒక రోజు పదకొండింటప్పుడు ఆమె చీటీ పట్టుకుని వచ్చింది. మా వైపు అందరూ పోయే లేడీ డాక్టరు రాసిన చీటీ. ఎనిమిది వారాలు అని రాసి ఉంది. ఆ మాత్రలు తొమ్మిది వారాలలోపే వాడాలి. అంటే ఆమె చేతిలో ఉన్నది ఒక్క వారం. అదీ చూశాను.

"మీ ఆయన్ని పంపు చెల్లె," అన్నాను.

"ఆయన బండి మీద పోయిండన్నా. పది రోజులైతది."

"అయితే ఫోన్ల మాట్లాడమను."

"చీటీ ఉన్నది గదన్నా. డాక్టరమ్మ నాకే రాసిచ్చింది."

"ఉంటే ఉండనీ. ఆయన మాట్లాడితేనే ఇస్త."

బీపీ మాత్రల కోసం వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు పక్కనే నిలబడి వింటున్నారు. వాళ్ళున్నారని నా గొంతు ఇంకొంచెం పెరిగింది. ఆమె కౌంటర్ మీది చీటీ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయి, ఏదో ఘనకార్యం చేసినట్టు మా ఆవిడకు చెప్పాను.

"డాక్టర్ సంతకం ఉన్నదా?" అంది.

"ఉన్నది."

"మరింకేం గావాలె నీకు?"

"మొగనికి తెలవద్దా?"

ఆవిడ నా కంచంలో పప్పు వేస్తూ, "మగోళ్ళు గదే మందుకొస్తె ఎన్నడన్న అడిగినవా, మీ ఆమెకు ఎరుకేనా, ఆమెకు ఇష్టమేనా అని?" అంది.

నాకు ఒళ్ళు మండింది. "షాపు నడిపేది నేనా, నువ్వా?" అని అరిచాను. ఆవిడ గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది. అరిచాక గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది ఆ లారీ ఆయనే చీటీ పట్టుకుని ఒక్కడే వచ్చాడు. ఇవే మాత్రలు. నేను రెండు నిమిషాల్లో ఇచ్చి పంపాను. ఏది ముందు వేసుకోవాలో, రక్తం ఎక్కువైతే ఏం చెయ్యాలో అన్నీ అతనికే చెప్పాను. మింగేది ఆమె. ఆమెను పంపమని అనలేదు, ఫోన్‌లో మాట్లాడించమని అనలేదు. ఒక్క అతన్నే కాదు, ఇరవయ్యేళ్ళలో ఏ మగవాణ్ణీ అడగలేదు.

అప్పుడైనా షాపుకు పోయి, ఎదురు సందులోకి పది అడుగులు వేసి, మాత్రలు ఆమె చేతికిచ్చి రావచ్చు. పోలేదు. నేను పోతే నా మాట తగ్గదూ? అవసరమైతే ఆమే మళ్ళీ వస్తుందిలే అనుకున్నాను. ఆమె రాలేదు. ఎనిమిది తొమ్మిది రోజులకు మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఊరికి పోయిందేమో అనుకున్నాను.

ఇంకో వారానికి ఆమె భర్త ఆసుపత్రి కాగితం పట్టుకుని వచ్చాడు. యాంటీబయాటిక్, రక్తం పట్టే మాత్రలు రాసి ఉన్నాయి.

"ఏమైంది తమ్మీ?"

"మాత్రల టైము దాటిందన్నరన్నా. దవాఖానల చేర్చుకొని క్లీనింగ్ చేసిన్రు. రక్తం బాగ పోయింది. ఒక బాటిల్ ఎక్కిచ్చిన్రు."

"నీకు ముందే ఎరుకనా?" అన్నాను.

"ఎందుకెరుక లేదన్నా? ఇద్దరం అనుకున్నదే. నీకు ఫోన్ చేస్త అన్న. ఆమెనే వద్దన్నది. మందు నా ఒంట్లకు పోయేది, చీటీ నా పేరు మీదున్నది, నడుమ నువ్వేం మాట్లాడ్తవ్ అన్నది. దిల్‌సుఖ్‌నగర్ దాక తిరిగిందంట. కొన్ని షాపులల్ల ఆ మందే పెట్టరంట. ఒకాయన నీ లెక్కనే అడిగిండంట. అంతల చిన్నోనికి జ్వరమొచ్చింది, రోజులు గడిచినయి."

అతను కోపంగా చెప్పలేదు, మామూలుగానే చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు మాటలు పడి, చేతులు దులుపుకునేవాణ్ణి. మందులు కట్టి ఇచ్చాను. ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పబోయి, "ఆమెకు ఫోన్ కలుపు, ఆమెకే చెప్త," అన్నాను. "పండుకున్నదన్నా," అన్నాడు. కవర్ల మీద రాసిచ్చాను.

ఆ రోజు నుంచి నా రూలు పోయింది. చీటీ సరిగ్గా ఉంటే ఎవరొచ్చినా ఇస్తాను. మగవాడొస్తే మాత్రం, వాడుకునే మనిషితో ఒక మాట మాట్లాడతానంటాను. కొందరికి కోపం వస్తుంది, పక్క షాపుకు పోతారు. పోనీ. ఆమె ఒళ్ళు ఆమెది, ఆ లెక్క తేల్చేది ఆమే. ఇప్పుడిది ఎవరితోనైనా గట్టిగానే అంటాను. కానీ ఈ తెలివి నాకు రావడానికి ఒకామె ఒంట్లో రక్తం పోవాల్సి వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నెలన్నర తర్వాత ఆమె షాపుకు వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. మిషన్ తొక్కే ఓపిక లేక పెళ్ళిళ్ళ జాకెట్లన్నీ వాపసు ఇచ్చేసిందని మా ఆవిడ అప్పటికే చెప్పింది. చీటీ కౌంటర్ మీద పెట్టింది.

"దగ్గు మందన్నా. చిన్నోనికి. దీనికి మా ఆయన రావాల్నా?"

ముఖంలో నవ్వు లేదు. నేను సీసా తీసి ముందు పెట్టాను.

"ఆ రోజు తప్పు నాదే చెల్లె. ఇయ్యాల్సి ఉండె. నా వల్లనే నీకు గింత కష్టమొచ్చింది," అన్నాను. పక్కన ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఉన్నా అన్నాను.

ఆమె సీసా చేతిలోకి తీసుకుంది.

"మీ ఇంటామె జాకెట్ కొలతలియ్యనీకి నా దగ్గరికొస్తది గదన్నా. మెడ ఎంత దించాల్నో, చేతులెంత పెట్టాల్నో ఆమె చెప్తది, నేను కుడ్త. మీ ఆయన్ని పంపు అని ఎన్నడన్న అన్ననా?"

"లేదు చెల్లె."

"జాకెట్‌కే అడగలే," అంది. సీసా సంచిలో వేసుకుని, రెయిలింగ్ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి పోయింది.