ఎండ తగలని గోడ

నమ్మకపోతే పోనివ్వండి. కానీ ఇది నాకే జరిగింది. ఈ కుడి అరచేయి సాక్షి.

నాచారంలో ఇళ్లకు ఇటుక, సిమెంటు ఎంత పడుతుందో లెక్కగట్టి చెబుతుంటాను. చదివి కాదు, కొలిచి కొలిచి నేర్చుకున్నాను. మొన్న చలికాలంలో ఉప్పల్ నుంచి నర్సింగ్ పిలిచాడు. ఒకప్పటి ద్రాక్షతోటలో వాళ్ల పెద్దలు కట్టిన ఇటుక ఇల్లు, దానికి ఆనుకుని పశువుల కొట్టం. పశువులు పోయి ఏళ్లయింది. తెల్లవారితే జేసీబీ వస్తుంది. కొట్టం పోవాలి, ఇల్లు ఉండాలి. ఇంట్లో అతని తల్లి సత్తెమ్మ ఉంటోంది. మధ్యగోడ నిలుస్తుందా లేదా, అదొక్కటి చెప్పమన్నాడు.

"ముందుగాల ఇల్లే కట్టిన్రన్నా. గోడ ఇంటిదే," అన్నాడు.

నాకూ అలాగే తోచింది. మనిషి ముందు తనకే కదా కట్టుకునేది. ఇంటివైపు కొలిచాను. మందం సరిపోయింది. నిలుస్తుందని చెప్పేద్దామనుకున్నాను.

చీకటి పడ్డాక, ఎందుకైనా మంచిదని కొట్టంలోకి వెళ్లాను. ఫోను లైటుతో.

సర్ర్... సర్ర్...

ఇటుకకు ఏదో ఒళ్లు రుద్దుకుంటున్నట్టు. ఆగింది. నేనూ ఆగాను.

మధ్యగోడ మీద చేయి పెట్టాను. చల్లగా ఉంది. కాస్త కిందికి, నడుమెత్తుకు దించాను... వెచ్చగా ఉంది. పొయ్యి వేడి కాదు. ఆవు డొక్క మీద చేయి వేస్తే తగిలే వెచ్చదనం. అక్కడ ఇటుకలు అరిగి నున్నబడ్డాయి. ఎండ వేడి అనుకుందామా, ఆ గోడకు ఎండే తగలదు.

ఆ వెచ్చదనం వెంట చేయి జరుపుతూ పోయాను. మెల్లగా... మూల దాకా. అక్కడ వేళ్లకు తెలిసింది. కొట్టం పక్కగోడ ఇటుకలు మధ్యగోడలోకి ఒకటి విడిచి ఒకటి దూరి ఉన్నాయి. అంటే రెండు గోడలూ ఒకేసారి లేచినవి. ఇంట్లోకి వెళ్లి అటు మూల సున్నం గీకాను. నిలువునా సందు. ఇంటి గోడలు ఊరికే ఆనించి కట్టినవి.

గోడ కొట్టానిది. కొట్టం తీస్తే అది కూలుతుంది. ఇంటివైపు దాన్ని ఆనుకునే సత్తెమ్మ మంచం.

నర్సింగ్‌కు ఆ మాటే చెప్పాను. అది విని వంటింట్లోంచి ఆమె వచ్చింది. "మా అత్త చెప్తుండె బిడ్డా. ముందు కొట్టమే. ఇల్లు లేసెదాంక పెద్దోళ్లు రెండు వానకాలాలు ఎడ్ల పక్కనే పండుకున్నరంట."

"ఎన్నడు చెప్పకపోతివి?" అన్నాడు నర్సింగ్.

"నువ్వెన్నడు అడిగినవ్‌రా?"

జేసీబీని వద్దన్నారు. నేను బయల్దేరుతుంటే సత్తెమ్మ మెల్లగా అంది. "ఆ గోడకు ఈపు ఆనిచ్చి పంటె సలి వెట్టది, బిడ్డా."

ఆమె ఒంటి వేడే అనుకుందామంటే, అంత మందం గోడ దాటి రాదు. పైగా అప్పుడామె మంచం మీద లేదు.

తర్వాత ఒక పగలు వెళ్లి చేయి పెట్టాను. చల్లగానే ఉంది. రాత్రి వెళ్లి చూస్తే తేలిపోతుంది.

ఇంకా వెళ్లలేదు...