దయ్యాల బొమ్మల కథ ఆఖరి భాగం

బాపును వారానికి రెండుసార్లు కోస్గి నుంచి మహబూబ్‌నగర్ దవాఖానకు డయాలసిస్‌కు తీసుకెళ్లేదాన్ని. అక్కడ పొద్దుపోవడానికి నేను కొనుక్కునే దయ్యాల బొమ్మల కథల పుస్తకాలు చదివి వినిపించేదాన్ని. పిల్లల్ని ఎత్తుకుపోయే ఒక రాకాసి కథ, భాగాలుగా వస్తుండేది. రెండేళ్లకు ఇద్దరం అలసిపోయాం. ఒకరోజు బాపు, "ఇగ నాతోని కాదు బిడ్డా, నేను రాను" అని మంచం దిగలేదు.

"ఆఖరి భాగం వచ్చింది బాపూ, ఆడనే చదువుత" అన్నాను. చాలాసేపటికి లేచాడు.

వార్డులో చదువుతూ, రాకాసి అరిచేచోట ఒళ్లు మరిచి నేనూ గట్టిగా అరిచాను. ఎవరికేమైందోనని నర్సు పరుగెత్తుకొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. పక్క మంచం మీది అవ్వ మాత్రం, "జర సదువనియ్యమ్మా! గా రాకాసి సచ్చిందా లేదా?" అని నర్సును కసిరింది.

రాకాసి చావలేదు. ఎత్తుకుపోయిన పిల్లలందరినీ వదిలేసి నిద్రపోయింది. "మంచిగ అయిపోయింది" అన్నాడు బాపు.

తర్వాతి వారం తనే ముందు తయారై, "మొదటి బుక్కు పట్కరా, మల్ల సదువుదువు" అన్నాడు. అన్నీ మూడుసార్లు చదివాం. నాకు విసుగొచ్చేది. బాపు పోయాక ఆ విసుగే ఎక్కువ గుర్తొస్తోంది.