గుహల టీచరుగారి బయటి మనిషి

మా ఎదురింటి టీచరుగారు పోయారు. మొన్న గురువారం పొద్దున్న నేను ఆఫీసుకి క్యారేజీ సర్దుకుంటూ ఉంటే, తాడేపల్లిగూడెం నుంచి ఆవిడ తమ్ముడుగారు ఫోన్ చేసి, “అక్క ఇక లేదండి” అన్నారు. తమ్ముడిగారి మనవరాలి ఓణీల ఫంక్షనుకని ముందురోజే వెళ్ళారు. రాత్రి అందరితోపాటు భోంచేసి పడుకున్నారట, పొద్దున్న కాఫీకి లేపితే లేవలేదట. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. “గురువారం సాయంత్రం ఐదింటికల్లా వచ్చేస్తానమ్మాయ్, ఐదున్నర దాటితే చూడు” అని నన్ను గేటు దగ్గర నిలబెట్టి మరీ చెప్పి వెళ్ళిన మనిషి చెయ్యాల్సిన పనేనా ఇది?

ఆ “చూడు” అన్న మాటకి అర్థం మీకు తెలియాలంటే ముందు ఆవిడ పుస్తకాల సంగతి తెలియాలి.

టీచరుగారు కొల్లేటి ఒడ్డున ఒక ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి తీరిక దొరకలేదని చెప్పేవారు. ఏలూరులో మా ఎదురుగా అద్దింట్లో ఒక్కరే ఉండేవారు. ఒక్కరే అనకూడదేమో, గుహల పుస్తకాలతో ఉండేవారు. తాళ్ళు కట్టుకుని గుహల్లోకి దిగినవాళ్ళు రాసినవి, భూమి కింద నదుల్లో ఈదినవాళ్ళు రాసినవి, సున్నపురాయి మీద, గబ్బిలాల మీద, గోడల మీది బొమ్మల మీద ఎవరెవరో రాసినవి. అన్నీ సెకండ్ హ్యాండువే. ఏ దేశపు లైబ్రరీయో ఇక వద్దనుకుని ముద్ర కొట్టి పంపేసినవి, ఎవరో ఎవరికో పుట్టినరోజుకి సంతకం పెట్టి ఇచ్చినవి, అట్టల్లేనివి, కుట్లు ఊడినవి. ఒక్క కొత్త పుస్తకం కొనుక్కోకూడదా అంటే, “కొత్తదాంట్లోకి నాకంటే ముందు ఎవరూ వెళ్ళి ఉండరు కదమ్మా, భయం” అనేవారు.

మా ప్రాంతం మీలో చాలామందికి తెలుసు. గజం లోతు తవ్వితే నీళ్ళు పడతాయి. కొల్లేటి వైపయితే ఆ గజం కూడా అక్కర్లేదు. ఇలాంటి చోట కూర్చుని గుహలేమిటండీ అని అడగని వాళ్ళు లేరు. గుంటుపల్లి బౌద్ధ గుహలు మన దగ్గరే ఉన్నాయి కదా, కారులో తీసుకెళ్తాం రండి అని మా ఆయన ఓసారి ముచ్చటపడ్డారు. “అవి మనుషులు తొలిచినవి నాయనా. గుహలు కావు, గదులు” అని కొట్టిపారేశారు. మా ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆ పుస్తకాలు మా గాలికి మూత పెట్టని అప్పడాల్లా మెత్తబడిపోయేవి. ఎండ కాసిన రోజు డాబా మీద చాపలు పరిచి ఆరబెట్టాలి, మబ్బు పట్టిందంటే పరుగెత్తాలి. పరుగెత్తేది నేను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కదా, కింద కుర్చీలో కూర్చుని, “ఆ మూలది జాగ్రత్తమ్మాయ్, దానికి వెన్ను ఊడింది” అని కేకలేసేవారు. ఇక పాత పేపర్ల కొట్టాయన, గుహ అన్న మాట కనబడితే చాలు, ఈవిడ కోసం పక్కన పెట్టేవాడు. వాటిల్లో సగం హిమాలయాల్లో తపస్సు చేసుకున్న స్వాములవారి పుస్తకాలు. వద్దంటే అతను చిన్నబుచ్చుకుంటాడని అవీ కొనేసి నాకిచ్చేవారు. మా ఇంట్లో ఇప్పుడు ఒక అలమర నిండా స్వాములవార్లే. నాకు వైరాగ్యం ముదిరిందని మా ఆయన చుట్టాలందరికీ చెప్పారు.

దీనికంతటికీ మూలం ఒక స్కూలు విహారయాత్ర. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల్ని బొర్రా గుహలకి తీసుకెళ్ళారట. ఘాట్ రోడ్డు మలుపులకి ఇద్దరు పిల్లలకి వాంతులు పట్టుకుంటే, వాళ్ళనీ, అందరి సంచుల్నీ కాపలా కాస్తూ ఈవిడ బయటే ఉండిపోయారు. లోపలినుంచి వచ్చిన పిల్లలు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. ఒకడు ఏనుగుందన్నాడు, ఒకతి శివుడున్నాడంది, ఇంకొకడు ఏమీ లేదు, చీకటి తప్ప అన్నాడు. ఎవరు చెప్పింది నిజమో తేల్చుకుందామని మొదటి పుస్తకం కొన్నారట. “మరి తర్వాతయినా వెళ్ళి కళ్ళారా చూడొచ్చు కదండీ?” అని నేను అడిగితే, “చదవడం అవ్వనీ, వెళ్దాం” అన్నారు. ఎక్కడవుతుంది? ఒకటి పూర్తయ్యేసరికి పోస్టులో ఇంకో రెండు దిగేవి.

ఒకనాడు గోంగూర పచ్చడి ఇద్దామని వెళితే, పుస్తకంలోంచి తలెత్తి, “అమ్మాయ్, ఇవాళ్టినుంచి నువ్వు నా బయటి మనిషివి” అన్నారు. నాకు గిన్నె అక్కడే పెట్టేసి వచ్చేయాలనిపించింది. ఆవిడకి జ్వరమొస్తే జావ కాచేది నేను, గ్యాసు బుక్ చేసేది నేను, కరెంటు పోతే ముందు ఆవిడ కిటికీ వైపు చూసేది నేను. ఇన్నేళ్ళకి నేను బయటి మనిషినయ్యానా?

నా ముఖం చూసి కనిపెట్టేశారు. “అయ్యో, అది కాదమ్మా. గుహలోకి దిగేవాళ్ళు దిగే ముందు పైన ఒక మనిషికి చెప్పి దిగుతారు. ఇన్నింటికల్లా వస్తాం, రాకపోతే చూడండి అని. ఆ మనిషి మాత్రం లోపలికి రాకూడదు. అందరూ లోపలికెళ్ళిపోతే వెతికేదెవరు?”

“ఇప్పుడు మీరు ఏ గుహలోకి దిగుతున్నారండీ?”

“కూరగాయలకి వెళ్తున్నా. పదింటికల్లా వస్తా.”

అదిగో, ఆనాడు పట్టుకుంది నాకు. కూరగాయలకి వెళ్ళినా, గుడికి వెళ్ళినా, బ్యాంకుకి వెళ్ళినా మా గేటు ముందు ఆగి టైము చెప్పందే కదిలేవారు కాదు. “మనవాళ్ళు వెళ్తానని అనరు, వెళ్ళొస్తానంటారు. అంతవరకూ బాగానే ఉంది. ఎప్పుడొస్తారో చెప్పరు. సగం మాట చెప్పి వెళ్ళిపోతే ఎలాగమ్మా?” అనేవారు. నేను స్నానంలో ఉంటే తలుపు అవతలినుంచి చెప్పేవారు. పూజలో ఉంటే దేవుడి ముందు చెప్పేవారు. ఓ సెలవురోజు చెప్పిన టైము దాటిపోయినా రాలేదు. ఫోను ఎత్తరు. పొయ్యి ఆపేసి, నూనె చేతులతోనే పరుగెత్తాను. పాత పేపర్ల కొట్లో పేపరు కట్టల మీద తీరిగ్గా కూర్చుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఏదో చిరిగిన పుస్తకం చూసుకుంటున్నారు. నన్ను చూసి, “ఏవమ్మా, ఇంత ఆలస్యమా? నేను నిజంగా గోతిలో పడి ఉంటే నా గతేంటి?” అని నన్నే కోప్పడ్డారు. ఆ రోజు సాయంత్రం దాకా నేను ఆవిడతో మాట్లాడలేదు.

ఇదంతా ఆవిడ సరదా అనుకుంటే పొరపాటు. ఆవిడ తమ్ముడుగారు తాడేపల్లిగూడెంలో బియ్యం వ్యాపారం చేస్తారు. నెమ్మదస్తులు, అక్కంటే ప్రాణం. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. “ఒక్కదానివీ ఎన్నాళ్ళుంటావక్కా? మా ఇంటికి వచ్చెయ్యి.” వెళ్తే ఆవిడ ఇల్లు పోతుంది, వాకిట్లో కుర్చీ పోతుంది, అడక్కుండా బయటికెళ్ళే స్వేచ్ఛ పోతుంది. ఆవిడ ఆ ఇంట్లో ఉండగలగడానికి ఉన్న ఆధారమల్లా ఒక్కటే. “ఒక్కదాన్నేంట్రా, నాకు బయటి మనిషి ఉంది” అనేవారు.

“బయటి మనిషి బయటి మనిషే కదక్కా” అన్నారాయన ఓసారి, నేను కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉండగానే. ఆయన నన్ను చూసి నాలిక్కరుచుకున్నారు. అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నన్ను ఒకే మాటతో రెండు రకాలుగా ఏడిపించారు.

ఆ తర్వాత ఓ వానాకాలం, కొల్లేటి లంకల్లో పాత శిష్యుడి గృహప్రవేశానికి వెళ్తానన్నారు. వానలు పడుతున్నాయి, వద్దండీ అన్నాను. “మూడింటికల్లా వస్తా” అన్నారు. మూడయింది, నాలుగయింది. ఫోను కలవలేదు. ఆటో మాట్లాడుకుని బయల్దేరాను. సరస్సు పొంగి రోడ్డు మీదికొచ్చేసింది. ఆటో అతను ఇక వెళ్ళనన్నాడు. రోడ్డు ఎక్కడ మునిగిందో అక్కడ నిలబడి చూస్తే ఎటు చూసినా నీళ్ళూ, కరెంటు స్తంభాలూ. చాలాసేపటికి ఒక పడవ వచ్చింది. అందులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని టీచరుగారు, ఒళ్ళో పాలిథిన్ కవర్లో చుట్టిన పుస్తకం. పడవ ఒడ్డుకి ఆనగానే నేను అందరి ముందూ అరిచేశాను. బుద్ధుందా అని కూడా అన్నాను. ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టానో తెలియదు. ఆవిడ నా భుజం పట్టుకుని దిగి, “వచ్చావు కదా, ఇక చాల్లే” అన్నారు.

తెల్లారేసరికి తమ్ముడుగారు దిగారు. “సామాను సర్దు అక్కా, ఇక నేను వినను” అన్నారు.

“రోడ్డు మునిగితే నేనేం చెయ్యనురా? అయినా అమ్మాయి వచ్చింది కదా?”

ఆయన నా వైపు తిరిగారు. “మీరు చెప్పండి. ఇది రోజూ మీవల్ల అవుతుందా?”

అవ్వదండీ అనడానికి అంతకంటే మంచి సమయం నాకు జన్మలో దొరకదు. ఆవిడ నా ముఖంలోకి చూడలేదు. చీర కొంగుతో పుస్తకం అట్ట మీది తడి తుడుస్తూ కూర్చున్నారు. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నారు. “అవుతుందండీ” అన్నాను. అని, నా నోటికి తాళం ఎందుకు వెయ్యలేదు భగవంతుడా అనుకున్నాను. ఆవిడ ఆ ఇంట్లోనే ఉండిపోయారు. మర్నాడు పొద్దున్నే గేటు దగ్గరికొచ్చి, “అమ్మాయ్, మందుల షాపుకి. పావుగంట” అన్నారు.

ఆ పుస్తకాల మీద ఆవిడకి ఒకే ఒక్క కోపం ఉండేది. “ఎంత కిందికి దిగారో రాస్తారు, ఏం తిన్నారో రాస్తారు, తాడు ఏ రంగో కూడా రాస్తారు. పైన వానలో కూర్చున్న మనిషి పేరు ఒక్కడూ రాయడమ్మా” అనేవారు. అలాంటి పేరు ఎక్కడైనా తగిలితే ఆ పేజీలో అగరబత్తి పుల్ల పెట్టేవారు. చాలా పుస్తకాల్లో పుల్లే లేదు.

ఆ గురువారం నేను ఐదింటిదాకా ఆగలేదు. ఫోను పెట్టేసి, దొరికిన రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. ఓణీల ఫంక్షనుకి వేసిన షామియానా ఇంకా విప్పలేదు, దాని కిందే ఆవిడని పడుకోబెట్టారు. బయల్దేరదీసేటప్పుడు పెద్దాయన ఒకాయన, “ఆడవాళ్ళూ, బయటివాళ్ళూ ఇక్కడే ఆగిపోండమ్మా” అన్నారు. రెండు లెక్కల్లోనూ నేనున్నాను. గేటు దగ్గర ఆగిపోయాను. వాళ్ళు వీధి మలుపు తిరిగాక అప్పుడొచ్చింది ఏడుపు. నా అంత విసుక్కున్నవాళ్ళు ఆవిడకి ఇంకెవరూ లేరు. ఆవిడ లేకుండా రేపటినుంచి ఏం చెయ్యాలో తోచలేదు నాకు.

తిరిగొచ్చాక తమ్ముడుగారు నన్ను లోపలికి పిలిచి ఒక గది చూపించారు. గోడ పొడుగునా కొత్త అరలు, ఖాళీగా. అక్క ఎప్పటికైనా వస్తుందని చేయించారట. ముందురోజు రాత్రి ఆవిడకి చూపించారట.

“‘బాగున్నాయిరా, కానీ ఈ ఊళ్ళో నాకు బయటి మనిషి ఎవరున్నారు’ అందండి. ‘నేను లేనా అక్కా’ అన్నాను. ‘నువ్వు లోపలి మనిషివిరా, నీకు చెప్పి వెళ్తే లాభం లేదు, నువ్వూ నాతో వచ్చేస్తావు’ అంది.”

ఆయన అర మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను.

నిన్న రాత్రి ఆయన ఫోన్ చేశారు. ఇల్లు గలవాళ్ళకి తాళం ఇచ్చెయ్యాలట, పుస్తకాలు తీసుకెళ్ళడానికి ఇవాళ వస్తానన్నారు. తాళం చెవి నా దగ్గరే ఉంది కాబట్టి అలాగేనండీ అన్నాను.

“పదింటికల్లా వస్తానండి” అన్నారు. ఫోను పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. అప్పుడు, “పదిన్నర దాటితే కాస్త చూడండి” అన్నారు.

ఇదెక్కడి కుటుంబమండీ బాబూ! ఒకరు వదిలారనుకుంటే ఇంకొకరు పట్టుకున్నారు. పొద్దున్నే వచ్చి తలుపులు తీసి, పుస్తకాలన్నీ వాకిట్లో చాపల మీద పేర్చి, ఆవిడ కుర్చీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఆకాశం మబ్బుగా ఉంది. పదిన్నర దాటింది. ఆయన ఫోను ఎత్తడం లేదు. రైలు లేటయి ఉంటుంది, ఇంకేం కాదు. అయినా చెప్పులేసుకుంటున్నాను.