నల్లా వచ్చేదాకా

ఈ ఉదయం ప్లంబరు వచ్చి మా కొత్త బిల్డింగు గదిలో నల్లా బిగించాడు. నీళ్ళ కోసం చూస్తూ మోకాలి మీద దరువు వేస్తున్న నా చేతులు, ధార బకెట్లో పడగానే వాటంతటవే ఆగిపోయాయి. అతను వింతగా చూశాడు గానీ, వరసగా ఒంటిగదుల కాపురాలుండే చాల్ వరండాల్లో పెరిగిన మన ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుంది.

మా అన్నను చేసుకుని వర్లి నుంచి కామాఠిపురాకు కాపురానికి వచ్చిన వదిన, చీరల పెట్టెతో పాటు ఒక పాత గిటారు కూడా తెచ్చుకుంది. హోటళ్ళలో వాయించే పొరుగింటి పెద్దాయన ఆమెకు చిన్నప్పుడే నేర్పిన విద్య అది. ఆ మూలుగూ కోపమూ కలిసిన సంగీతాన్ని బ్లూస్ రాక్ అంటారని ఆయన వదినకు చెప్పాడు, వదిన నాకు చెప్పింది, మా అమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ఉన్నది ఒక్క గది, నిండా మనుషులు, ఇక వాయించుకునే చోటెక్కడ? తెల్లవారి నల్లా దగ్గర బిందెల మోత, ఆడవాళ్ళ కొట్లాటలు ఎలాగూ తప్పవు కనుక మా గోల కూడా అందులో కలిసిపోతుందని, వదిన మెట్ల మీద గిటారుతో, నేను బోర్లించిన పీపాతో కూర్చునేవాళ్ళం. నీళ్ళు రావడాన్ని మేం నల్లా రావడమంటాం. వరసలో నిలబడ్డ అమ్మ "నల్లా వచ్చిందే! బిందెలు వెట్టుర్రి!" అని కేకేయగానే ఎక్కడి పాట అక్కడ వదిలేసి పరుగెత్తేవాళ్ళం.

గణపతి పందిట్లో పాటకు ఏటా బయటి నుంచి బెంజో వాయించే పార్టీని పిలిచేవారు. ఆ ఏడు ఒక్క సాయంత్రం మాకిమ్మని వదిన అడిగింది. కోడలుపిల్ల స్టేజీ ఎక్కడమేమిటని పెద్దలు గొణిగారు, అన్న గోడ వైపు చూశాడు, చివరికి అమ్మే తేల్చింది. "జనం నడుమల లేసివోతే ఆ గిటార్ వర్లికి వోతది. మల్ల అడుగద్దు." వదిన సరేనంది.

పాట మొదలైంది. పని దిగి వచ్చిన పాలమూరు కూలీలు తలలూపారు, ఫోరస్ రోడ్ దుకాణాల వాళ్ళు ముందుకు జరిగారు, నా గుండె ఉప్పొంగిపోయింది. అప్పుడు తట్టింది నాకు, ఆ పాటను ముగించడం మాకు రాదని! మేం ఏనాడూ ఏ పాటనూ చివరిదాకా వాయించి ఎరగం. వదిన ముఖం చూస్తే ఆమెకూ అదే తెలిసినట్టుంది. వాయించిందే వాయిస్తూ, తిరిగిన చోటే తిరుగుతూ ఉంటే వెనక వరసల్లో ఒక్కొక్కరే లేచి పంచె దులుపుకోసాగారు. గిటారు వర్లి బస్సెక్కినట్టే అనుకున్నాను.

ముందు వరసలోంచి అమ్మ లేచింది.

"నల్లా వచ్చిందే! బిందెలు వెట్టుర్రి!"

మా ఇద్దరి చేతులూ ఒక్క దెబ్బకు ఆగిపోయాయి. ఆ కేక తెలియని ఆడది కామాఠిపురాలో ఉంటేగా! నవ్వులు, ఈలలు, లేచినవాళ్ళు మళ్ళీ కూర్చోవడం. ఆ సాయంత్రం మాకు వచ్చిన పాటలన్నీ వాయించాం, ప్రతి పాట చివరా ఆడవాళ్ళంతా అమ్మతో కలిసి కేకేశారు. పక్కపేట నాగ్‌పాడా దాకా వినిపించిందట.

తరవాత వర్లిలో వాయించాం, ఆపైన కాలేజీల్లో, పెద్ద పెద్ద హాళ్ళలో. మేం కత్తిరించినట్టు ఆపే తీరును పత్రికలవాళ్ళు మెచ్చుకుంటూ రాస్తే వదినా నేనూ పడీపడీ నవ్వుకున్నాం. అమ్మ ఎప్పుడూ ముందు వరసలోనే కూర్చుని పక్కవాళ్ళకు చెప్పేది, "నేనాపితేనే ఆగుతరు" అని.

ఇప్పుడు అమ్మ లేదు, వరసా లేదు. ప్రతి గదిలోనూ నల్లా, రోజంతా నీళ్ళు. ఈ సుఖం కోసమేగా ఆమె జీవితమంతా బిందె పట్టుకుని నిలబడింది, నాకు సంతోషమే. ముగింపులు కూడా మేం ఎప్పుడో నేర్చుకున్నాం. అయినా పోయిన నెల కచేరీలో ఆఖరి పాట చివరికొచ్చాక, వదినా నేనూ ఒకేసారి ముందు వరస వైపు చూసి, ఇంకో చుట్టు వాయించాం.