చెమటా, సముద్రమా

మా మామయ్య ముందుపళ్లు రెండూ మా నాన్నే ఊడగొట్టాడు. నాన్నది చేపల పడవ. అమ్మకు తమ్ముడైన మామయ్య అందులో ఇంజను మనిషి.

ఇంజను గది అని పేరేగానీ అది ఒక మనిషి వంగి కూర్చునే గొయ్యి. ఆ వేడికి చెమట కారి కారి అడుగు చెక్కలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఆ తడి తన చెమటా, చిల్లు పడి లోపలికొచ్చిన సముద్రమా అని తేల్చడానికి మామయ్య వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవాడు. చెమట ఉప్పు తగ్గిన కూరలా ఉంటుందట. సముద్రం దానికి పదింతలు, వెనకాలే చేదు కూడా.

ఆ మధ్యాహ్నం వల నిండా చేపలు పడ్డాయి. మామయ్య గోతిలోంచి తలెత్తాడు.

"బావా, అడుగున నీళ్లొస్తున్నాయి. సముద్రమే. వల కోసేసి వెనక్కి పోదాం."

"నీ చెమటేలేరా. పోయినసారీ ఇలాగే బెదరగొట్టి ఒట్టి చేతులతో ఇంటికి తెచ్చావు."

"అప్పుడు పొరపడ్డాను. ఇప్పుడు కాదు."

మామయ్య పైకెక్కి వల తాడు మీద కత్తి పెట్టాడు. నాన్న పక్కనున్న పానా అందుకుని మూతి మీద కొట్టాడు.

"ఇప్పుడు రుచి చూసి చెప్పు."

మామయ్య గోతిలోకి దిగి మళ్లీ వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నోరంతా రక్తం, రక్తమూ ఉప్పే. ఏమీ తేలలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోరే పగలగొట్టాక ఇంకేం మంచి?

మామయ్యకు తిక్కరేగింది. నాన్న జుట్టు పట్టి గోతిలోకి ఈడ్చి, మొహాన్ని ఆ నీళ్లలోకి నొక్కాడు. నుదురు ఇంజనుకు తగిలి చీలింది.

"తాగు బావా. తాగి నువ్వే చెప్పు."

నాన్న ఒక గుక్క మింగి కక్కేశాడు. తెలిసిపోయింది. కానీ ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

"చెమటే," అని మోచేత్తో మామయ్య డొక్కలో పొడిచాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇద్దరూ కొట్టుకుంటూనే ఉన్నారు. నీళ్లు మోకాళ్లదాకా వచ్చి ఇంజను ఆగిపోయాక వల కోశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. పడవ ఒక పక్కకు ఒరిగి మునిగింది. ఒరిగేటప్పుడు కొయ్య తగిలి నాన్న భుజం విరిగింది, ఇక ఈదలేకపోయాడు. మామయ్య మళ్లీ అదే జుట్టు పట్టుకున్నాడు. కుదుళ్లతో సహా వెంట్రుకలు గుప్పెట్లోకి ఊడి వస్తున్నా, ఒడ్డు చేరేదాకా వదల్లేదు.

అమ్మా నేనూ పరుగెత్తుకెళ్లేసరికి ఇద్దరూ ఇసుక మీద కక్కుకుంటున్నారు.

"నీ మూతి ఎవడు పగలగొట్టాడ్రా?" అంది అమ్మ.

మామయ్య నాన్న వైపు తిరిగాడు.

"ఏం బావా, చెమటేనా?"

నాన్న ఇసుకలో మొహం దాచుకున్నాడు.

"సముద్రమేరా," అని, మా అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు.

మామయ్య పాక్కుంటూ వెళ్లి ఆయన నెత్తి మీద గట్టిగా ఒక మొట్టికాయ వేసి, పక్కనే పడుకున్నాడు.