ఏజెంటుకి ఇచ్చిన ఆది జాకెట్టు

నాకు కోపం తొందరగా వస్తుందని మా ఇంట్లో అందరూ అంటారు. అంటే అననీ. పొద్దున లేచిన దగ్గర్నుంచి "నా జాకెట్టు అయిందా?" అని ఫోను మీద ఫోను చేస్తుంటే ఎవరికి రాదు? నరసరావుపేటలో ఒక లోపలి సందులో నాకు టైలరింగ్ షాపు ఉంది. ఆడవాళ్ల జాకెట్లు, మగ్గం వర్కు చేస్తాను. పెళ్లిళ్ల రోజుల్లో ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో ఫోను. అలా ఒకసారి పట్టుచీర జాకెట్టుకి భుజం దగ్గర తప్పు కత్తిరించాను. ఆ రోజు ఫోను నేలకేసి కొట్టబోయి ఆగాను.

మా దగ్గర కుట్టించుకునే ఒకమ్మాయి ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. నా అవస్థ చూడలేక ఆ పిల్లే నా ఫోనులో ఒక ఏఐ ఏజెంట్‌ని పెట్టింది. ఎవరికి ఏం చెప్పాలో మనం చెబితే, మెసేజ్ అదే రాసి అదే పంపుతుంది. మొదట్లో నాకు చానా సంబరంగా ఉండేది. తర్వాత తల ప్రాణం తోకకొచ్చింది. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పాలి: ఇది జాకెట్లు కుట్టే షాపు, పొడుగ్గా రాయొద్దు, ఇంగ్లీషు వాడొద్దు, బొమ్మలు పెట్టొద్దు. ఒకటి చెప్పడం మర్చిపోతే ఆ ఒక్కటే చేసేది.

"ఆంటీ, ఆ చెప్పేదంతా ఒక టెంప్లేట్‌గా రాసి పెట్టుకోండి. మారే మాటల దగ్గర ఖాళీలు వదలండి. మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు," అంది ఆ పిల్ల.

"టెంప్లేట్ అంటే ఏందమ్మా?"

ఆ పిల్ల వివరంగానే చెప్పింది. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. చివరికి బీరువా మీదున్న పెట్టె కనపడ్డాక నాకే తట్టింది. ఆది జాకెట్టు లాంటిదన్నమాట! మా దగ్గరికొచ్చేవాళ్లు ఎక్కువమంది టేపుతో కొలతలు ఇవ్వరు. ఒంటికి బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇస్తారు. దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి, దాని ప్రకారం కత్తిరిస్తాం. గుడ్డ మారుతుంది, మెడ మారుతుంది, చేతుల పొడుగు మారుతుంది, ఆది మాత్రం అదే. ఎప్పుడూ వచ్చేవాళ్లు ఆ ఆదిని నా దగ్గరే వదిలేస్తారు. అవన్నీ ఆ పెట్టెలో ఉంటాయి.

మా వదిన ఆది కూడా అందులోనే ఉంది. మా అన్న భార్య ఆవిడ. పుట్టిల్లూ అత్తిల్లూ నాకు ఒకే ఊళ్లో, నకరికల్లు దగ్గర. పంచాయతీ ఎలక్షన్లలో మా ఆయన ఒక పక్క తిరిగాడు, మా అన్న ఇంకో పక్క తిరిగాడు. ఓట్ల లెక్కింపు నాడు ఇద్దరూ నడిబజార్లో అనరాని మాటలు అనుకున్నారు. అంతే, రెండిళ్ల మధ్య మాటలు పోయాయి. ఒకరింట్లో శుభకార్యానికి ఇంకొకరు వెళ్లలేదు. వదినా నేనూ ఒకరినొకరు ఏమీ అనుకోలేదు. అయినా మాకూ మాటలు పోయాయి. అప్పటికి నా మేనకోడలు ఇంకా స్కూలు పిల్ల. ఇప్పుడు దాని చదువైపోయింది, పెళ్లి కుదిరింది. ఆ సంగతి కూడా నాకు షాపుకొచ్చినవాళ్లే చెప్పారు. పెళ్లి జాకెట్లు గుంటూరులో ఏదో పెద్ద బొటిక్‌లో కుట్టిస్తారని కూడా చెప్పారు. నా మేనకోడలి పెళ్లి జాకెట్టు ఇంకెవరో కుట్టడమేంటి? ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

సరే, టెంప్లేట్ సంగతి. మొదటిది రాశాను. ఖాళీలు మీసాల్లాంటి బ్రాకెట్లలో పెట్టాలట. పేరుకి ఒక ఖాళీ, ఏం కుట్టామో దానికి ఒకటి, ఎప్పుడు రావాలో దానికి ఒకటి. ఏజెంట్ దాన్ని "గౌరవనీయులైన కస్టమర్ గారికి" అని మొదలుపెట్టి అందరికీ పంపేసింది. సత్తెనపల్లి రోడ్డు అత్త వెంటనే ఫోను చేసింది. "ఏందే, కోర్టు నోటీసు పంపావు? నేనేం చేశా?"

నిజమే కదా. ఈ ఊళ్లో గారు, కస్టమరు అంటే ఎవరు ఊరుకుంటారు? అక్క, అత్త, పిన్ని, వదిన, ఎవరి వరస వాళ్లకి ఉంది. అందుకని వరసకి ఒక ఖాళీ పెట్టి, "ఫోనులో నేను ఎలా రాసుకున్నానో అలాగే పిలువు" అని టెంప్లేట్‌లో రాశాను. రాజుపాలెం పిన్నికి "పిన్నీ" అని పోయింది. భేష్ అనుకున్నాను. ఆ సాయంత్రమే సందు చివరి ఇంటావిడ చెప్పు కింద మట్టి లేచేలా వచ్చింది. ఆవిడ పేరు తెలియక ఎప్పుడో "సందు చివర పొట్టామె" అని రాసుకున్నాను. ఏజెంట్ చక్కగా "పొట్టామె గారూ, మీ జాకెట్టు సిద్ధం" అని పంపింది. నాలుక కరుచుకున్నాను. ఆవిడ కాళ్లా వేళ్లా పడి, ఫోను చేతికిచ్చి చూపించాను, నేను కాదు పెట్టింది ఇది అని. నేను కాదా? టెంప్లేట్ నాది. పొట్టామె అన్న మాటా నాదే. మరి అది చేసిన తప్పేంటో, నేను చేసిన తప్పేంటో నాకు తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

ఇంకో టెంప్లేట్ కూడా రాయమంది ఆ పిల్ల, చాలాకాలంగా రానివాళ్ల కోసం. దానికి ముందు పెట్టెలోని ఆదులన్నీ ఫోటోలు తీసి, ఎవరిది ఏదో ఏజెంట్‌కి చెప్పాను. వదినది చేతికొచ్చినప్పుడు ఆగాను. ఆకుపచ్చ జాకెట్టు, చేతులకి సన్న అంచు. తీసి పక్కన పెట్టాను. మళ్లీ ఏమనిపించిందో, దాన్నీ ఫోటో తీసి "వదిన" అని చెప్పాను. నా ఫోనులో మిగతా అందరికీ ఊరి పేరో వీధి పేరో ఉంది. ఆవిడకి ఉత్త వదిన అనే ఉంది.

టెంప్లేట్ ఇలా రాశాను: వరస పెట్టి పిలువు. మీ ఆది జాకెట్టు నా దగ్గరే భద్రంగా ఉందని చెప్పు. కొత్తది కుట్టించుకోవాలంటే రమ్మను. మీ కోసం ఎదురుచూస్తున్నానని రాసి ముగించు. ఆ చివరి మాట ఏదో వీడియోలో చూసి పెట్టాను, మర్యాదగా ఉంటుందని. పంపే ముందు అది అన్ని మెసేజ్‌లూ చూపించి "పంపమంటారా?" అని అడిగింది. పైనున్న రెండు మూడు చదివి సరే నొక్కాను.

నొక్కాక కిందికి జరిపి చూస్తే వదిన. "వదినా, మీ ఆది జాకెట్టు నా దగ్గరే భద్రంగా ఉంది" అని మొదలైంది మెసేజ్. చూస్తుండగానే రెండు టిక్కులూ నీలంగా మారాయి. చదివేసింది! ఇప్పుడేం చెయ్యాలి? పొరపాటున పోయిందని రాస్తే, నీతో నాకు పనిలేదు అన్నట్టే. ఊరుకుంటే, మా ఆయనకి తెలిసి ఇంట్లో రచ్చ. పోనీ నేనే పంపానని రాద్దామంటే, ఏళ్ల తరబడి పలకనిదాన్ని ఇప్పుడు పెళ్లి కుదిరిందని తెలిసి ఎగబడ్డాననుకుంటుంది. ఏమీ పాలుపోక ఆ ఏజెంట్‌నే అడిగాను, "ఇది పంపింది ఎవరు?" అని. "మీరు ఆమోదించిన టెంప్లేట్ ప్రకారం, మీ తరఫున నేను పంపాను" అంది. అంటే ఎవరు? ఒళ్లు మండి ఫోను బోర్లా పెట్టేశాను.

వదిన నుంచి జవాబు రాలేదు. మూడో రోజో నాలుగో రోజో మధ్యాహ్నం మనిషే వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, చేతిలో ఒక కవరు. ఒళ్లు చేసింది, జుట్టు నెరిసింది. కత్తెర పక్కన పెట్టి లేచాను.

"మెసేజ్ పెట్టింది నువ్వా, ఫోనా?" అంది. "నువ్వెప్పుడూ నన్ను మీరు అనలా. అనుమానం వచ్చి కనుక్కుంటే, నీ షాపులో ఇప్పుడు అన్నీ ఫోనే పెడతందంట. నువ్వు పెడితే ఈ కవరు ఇక్కడ పెడతా. అది పెడితే నా ఆది నాకిచ్చెయ్, పోతా."

పంపానంటే నిజం కాదు. పంపలేదంటే అదీ నిజం కాదు.

"నాకు తెలవదు వదినా," అన్నాను. "మాటలు నావే. నీకని రాయలా, అందరికీ అని రాశా. అది నీకూ పంపింది. నీ ఆది ఫోటో తీసి దానికిచ్చింది మాత్రం నేనే. ఎందుకిచ్చావని అడగమాక, అదీ తెలవదు."

"ఎదురుచూస్తన్నానని ఉంది. అది కూడా అందరికీనా?"

"అందరికీనే."

వదిన కవరు చంకలో పెట్టుకుంది. వెళ్లిపోతుందని అర్థమైంది. అప్పుడొచ్చింది నాకు కోపం, ఏడుపుతో కలిసి.

"వాళ్లందరికీ యాపారం కోసం రాశా వదినా! నీకోసమైతే నిజంగానే చూశా. ఇన్నేళ్లూ చూశా. ఒక్కసారన్నా ఈ సందులోకి వచ్చావా నువ్వు?"

"నువ్వొచ్చావా మా గుమ్మంలోకి?" అంది అంతకంటే గట్టిగా.

అని, వదినే చెప్పులు విడిచి లోపలికొచ్చి మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుంది. నేను పెట్టె దించి ఆకుపచ్చ జాకెట్టు తీసిచ్చాను. ఆవిడ దాన్ని విప్పి ఒంటి మీద పెట్టుకుంది. రెండు అంచులూ జానెడు దూరంలో ఆగిపోయాయి. నవ్వొచ్చింది ఆవిడకి.

"ఇది నాకెక్కడ పడతదే ఇప్పుడు?"

కవరులోంచి ఎర్ర పట్టు జాకెట్టు గుడ్డ తీసి, నా కత్తిరించే బల్ల మీద పరిచింది. దాని మీద ఆ పాత ఆదిని తనే చేత్తో సరిచేసి పెట్టింది.

"పెళ్లికూతురికి పడతది. అది ఇప్పుడు అచ్చం అప్పటి నాలాగే ఉంది. దీన్ని పెట్టి కుట్టు."

నేను తలూపాను. కళ్లకి ఏమీ కనపడటం లేదు. వదిన గుమ్మం దిగి, చెప్పులు వేసుకుని, మళ్లీ వెనక్కి తిరిగింది.

"ఏమే, అయిపోయినాక ఆ ఫోనుతో చెప్పించమాక. నువ్వే తీసుకురా, ఇంటికి."